ముప్పై రెండో వంతు

హకాయాకి మనుషుల మీద నమ్మకం తక్కువ. దేవుడి మీద ఉంది గానీ, అదీ ఆయన పైన ఎక్కడో ఉన్నాడు గనక. అదే దేవుడు మా అటాఫు దీవి రేవులో చేప చేతిలో పట్టుకుని నిలబడి ఉంటే, ఆయన్ని కూడా ఓ కంట కనిపెట్టి ఉండేవాడే. సమోవాలోని అపియా నుంచి ఓడ వస్తే బియ్యం మూటలు విప్పి, చేత్తో కలిపి చూసేవాడు. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారంటాడు, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదంటాడు. చర్చిలో పాస్టరుకి సాయంగా ఉండే డీకను కావడంతో ఆ గుణానికి మెలకువ అని మంచి పేరు పడింది.

ఆ ఏడాది హకాయా కళ్ళు పెనెహే మీద పడ్డాయి.

పెనెహే మా ఊరి పంపకందారు. ఊరి పడవలన్నీ కలిసి వేటకి వెళ్ళిన రోజున వచ్చిన చేప ఏ ఒక్కడిదీ కాదు. దాన్ని రేవు ఒడ్డున తెల్ల రాళ్ళ మీద పరిచి, ఇళ్ళని గుంపులు చేసి, తలకింత అని వంతులు పెడతారు. ఆ పంపకాన్నే ఇనాటి అంటాం. చేప పట్టినవాడికీ అంతే, చాప మీంచి లేవలేని ముసలమ్మకీ అంతే, నిన్న పుట్టిన పసిగుడ్డుకీ అంతే. పెనెహే ఇరవై మూడేళ్ళుగా ఈ పని చేస్తున్నాడు. ఎవరి కొట్లాటలు వాళ్ళకి ఉన్నా, పెనెహే పెట్టిన వంతు గురించి మాత్రం ఊళ్ళో ఎవరూ నోరెత్తలేదు.

హకాయా ఇల్లు తూర్పు గుంపులోది. ఎనిమిది ఇళ్ళు, ముప్పై ఒక్క తలలు. ఎవరెవరో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఒక శనివారం, ట్యూనా చేపలు బాగా పడిన రోజు, ఏళ్ళుగా పంపకం దగ్గరికి రానివాడు ఊరికే వచ్చి నిలబడి తమ గుంపు వంతులు చూశాడు. ముప్పై రెండున్నాయి. కళ్ళు బాగాలేవేమో అనుకున్నాడు. తరవాతి వేటకీ ముప్పై రెండే. ఆ తరవాతా అంతే. కళ్ళు ఒకసారి తప్పుతాయి గానీ మూడుసార్లు ఒకే తప్పు తప్పవు.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆ భూతం హకాయా చాప మీదే పడుకోవడం మొదలుపెట్టింది.

మొదట పక్కింటి మేలే ముసలమ్మని కదిపాడు. ఆవిడ చాప అల్లుతోంది.

"పిన్నీ, మన గుంపులో కొత్తగా ఎవరైనా పుట్టారా?"

"నాకు తొంభై దగ్గర పడుతున్నాయిరా, నేను కనలేదు. నీ పెళ్ళాన్ని అడుగు."

"వేళాకోళం కాదు. వంతు ఒకటి ఎక్కువ పడుతోంది."

ముసలమ్మ చెయ్యి ఆగింది. తలెత్తకుండానే, "తక్కువ పడితే చెప్పు, పోట్లాడదాం. ఎక్కువ పడితే ఏడుస్తారా ఎవరైనా?" అంది. అని ఆకు తడిగా లేదని తిట్టుకుంటూ లేచి లోపలికి పోయింది. ఆకు తడిగానే ఉంది. హకాయా ముట్టుకుని చూశాడు.

తరవాత పడవలు బాగుచేసే కిరిఫీని అడిగాడు. కిరిఫీకి ఉన్నట్టుండి ఇంట్లో పని గుర్తొచ్చింది. ఇంకొకడిని అడిగితే వాడు వాన వచ్చేలా ఉందన్నాడు, ఎండ నెత్తి మాడ్చేస్తుంటే. ఊరంతా కలిసి ఏదో దాస్తోందని హకాయాకి అర్థమైంది. దాన్ని బయటికి లాగాలి అనుకున్నాడు.

అన్నిటికంటే గుచ్చుకున్న సంగతి ఇంకోటి ఉంది. ఆ ముప్పై రెండో వంతుని బుట్టలో వేసుకుని వెళ్ళేది అతని భార్య ఫాలా.

ఫాలా ఎప్పుడూ అందరికంటే చివర వెళ్ళేది. బుట్టలో మూడు వంతులు వేసుకునేది. ఇంటికి రెండే చేరేవి. మూడోది ఏమైందో అడుగుదామని హకాయా నాలుగుసార్లు నోరు తెరిచాడు, నాలుగుసార్లూ అన్నం ముద్ద పెట్టి మూసుకున్నాడు. ఐదోసారి అడిగాడు.

"బుట్ట బరువుగా ఉన్నట్టుందే?"

"తడిసిన బుట్ట. బరువుండదా?"

"పెనెహే నీతో ఏదో మాట్లాడుతున్నాడు రేవులో."

"నీ మోకాలు ఎలా ఉందని అడిగాడు."

"ఏం చెప్పావు?"

"సముద్రం దగ్గరికి వస్తేనే నొప్పి, ఇంట్లో బాగానే ఉంటుందని చెప్పాను." ఆమె లేచి కంచాలు తీసింది. "అబద్ధమా?"

అబద్ధం కాదు. హకాయా పడవెక్కి పదకొండేళ్ళయింది. మోకాలని అందరికీ చెప్పుకున్నాడు. అతని వంతు చేప మాత్రం వేట వేటకీ వస్తూనే ఉంది.

పైగా ఆ వంతు మీద అతను వాక్యం కూడా చెప్పాడు. "రక్షణ కూలి కాదు, ఇనాటి. నువ్వు వల లాగావా లేదా అని దేవుడు అడగడు. ఆయన రాళ్ళ మీద నీ వంతు పెట్టాడు, వెళ్ళి తెచ్చుకో, అంతే" అని శుక్రవారం కూటంలో చెబితే పాస్టరుగారు ముచ్చటపడి, మళ్ళీ ఆదివారం చెప్పించారు. చెప్పినవాడే ఇప్పుడు దేవుడి చేపలకి కాపలా కాస్తున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చెప్పకపోతే హకాయాని ఉత్త పిసినారి ముసలాడనుకుంటారు. అతను అది కాదు. అతను భయపడుతున్న మనిషి.

పదకొండేళ్ళ కిందట ఒక శనివారం సాయంత్రం ఓడలో సమోవా నుంచి ముగ్గురు పాస్టర్లు దిగారు. వాళ్ళకి ఆతిథ్యం హకాయా ఇంట్లో. వారం రోజులుగా సముద్రం పోటుగా ఉండి ఊళ్ళో చేప అన్నదే లేదు. ఆదివారం పొద్దున్నే హకాయా వంటపాకలో నిలబడి తమ్ముడు లేపాయోతో అన్నాడు.

"పాస్టర్లకి డబ్బా మాంసం పెట్టి నా పరువు తీసుకోనా? లోపలి మడుగు నీళ్ళలో నాలుగు గేలాలు వేస్తే చాలు. అంతా చర్చిలోనే ఉంటారు, ఎవడు చూస్తాడు?"

"ఆదివారం కదన్నయ్యా," అన్నాడు లేపాయో.

"నేనేం వెళ్ళమనలేదే," అన్నాడు హకాయా. అని చొక్కా గుండీలు పెట్టుకుంటూ చర్చికి వెళ్ళిపోయాడు.

ఆదివారం మా ఊళ్ళో ఆకు కూడా కొయ్యరు. లేపాయో అన్న మాట కోసం వెళ్ళాడు. హకాయా కొడుకు తావిటా, పదిహేడేళ్ళవాడు, బాబాయి వెంట వెళ్ళాడు. లోపలి మడుగులో ఏమీ పడక పగడపు దిబ్బ దాటి పెద్ద సముద్రంలోకి వెళ్ళారు. హకాయా చర్చి కిటికీలోంచి ఆ పడవ వెళ్ళడం చూశాడు. చూసి, పాట ఆపలేదు. సాయంత్రానికి లేపాయో తిరగబడ్డ పడవ పట్టుకుని ఒక్కడే కొట్టుకొచ్చాడు.

పెద్దల సభలో అడిగారు, ఆదివారం పూట సముద్రం మీదికి ఎందుకు వెళ్ళావని. "బుద్ధి గడ్డి తిని" అన్నాడు లేపాయో. అన్న వైపు ఒక్కసారి చూశాడు. హకాయా నేల చూశాడు. సంఘంలోంచి తీసేశారు, ఊళ్ళో ఉండొద్దన్నారు, మడుగుకి అవతలి చివర ఉన్న లంకలో కొబ్బరిచెట్లూ పందులూ చూసుకుంటూ బతకమన్నారు. "నాకు తమ్ముడు లేడు. వాణ్ణి మా గుంపు లెక్కలో చదవొద్దు" అని హకాయా అందరి ముందూ ఒట్టు పెట్టాడు. కొడుకు పోయినవాడు కదా అని ఊరు జాలిపడి, మరుసటి ఏడు డీకనుని చేసింది.

అప్పట్నుంచీ ఇద్దరు మనుషులు గుసగుసలాడితే అది తన గురించేనని హకాయాకి భయం. ఎవరికి తెలుసు? ఎవరు విన్నారు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే బతుకైపోయింది. ఎదుటివాడి తప్పు దొరికినప్పుడు మాత్రం కాసేపు ఊపిరాడేది.

అందుకే పెనెహే దొరకాలి. ఆ శనివారం వేట ఉంది, మర్నాడు నెల మొదటి ఆదివారం, సంఘమంతా రొట్టె విరిచి పంచుకునే ప్రభువు బల్ల. ఊరి చేపలో ఒక వంతు పదేపదే పక్కకి పోతోందని తేలితే పెనెహే పంపకం పోతుంది, బల్ల దగ్గర చోటూ పోతుంది. దాన్ని డీకను పెళ్ళాం చేతే మోయిస్తున్నాడంటే ఇక చెప్పేదేముంది. కంచే చేను మేస్తోందని నిరూపిస్తే ఊరు తన వైపు చూడటం మానేస్తుంది.

శనివారం మధ్యాహ్నం పడవలు నిండుగా వచ్చాయి. తెల్ల రాళ్ళ మీద ట్యూనాలు వరసలు తీరాయి. ఆడవాళ్ళు బుట్టలతో నీడలో కూర్చున్నారు. పెనెహే నడుముకి లుంగీ బిగించి, గుంపు గుంపుకీ వంతులు పెట్టుకుంటూ వచ్చాడు. తూర్పు గుంపు దగ్గర చివరి చేప పెట్టి నడుం నిమురుకుంటుంటే, హకాయా ముందుకొచ్చాడు.

"పెనెహే, పేర్లు చదువు."

రేవంతా ఠక్కున ఆగిపోయింది. పంపకం మీద మాట పడితే పంచేవాడు ఆ గుంపులో తల తలకీ పేరు చెప్పి వంతు చూపించాలి. ఆ మాట పెనెహే తండ్రి హయాంలో ఒకసారి పడిందంటారు. పెనెహే హయాంలో ఎప్పుడూ పడలేదు.

"డీకనుగారూ," అన్నాడు పెనెహే నెమ్మదిగా, "ఎండగా ఉంది. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో మాటలు ఇంట్లో, రేవులో మాటలు రేవులో. చదువు."

"అన్నా, వద్దు," అన్నాడు పెనెహే.

"ఎందుకొద్దు? నీకు నోరు పెగలదా? నేను చదవనా? ముప్పై ఒక్క తలలకి ముప్పై రెండు చేపలు. ఆ ముప్పై రెండోది ఏ కడుపులోకి పోతోంది? నీ ఇంటికా? ఎవరికీ తెలియదనుకున్నావా?"

ఆడవాళ్ళలో ఎవరూ తలెత్తలేదు. మేలే ముసలమ్మ మాత్రం, "అయ్యో నా తండ్రీ, తెలియనివాడివి నువ్వొక్కడివేరా" అంది, తనలో తను అనుకున్నట్టుగా, కానీ చెవులు కాస్త మందం కావడంతో అందరికీ వినబడేలా.

పెనెహే నీడలో కూర్చున్న ఊరి పెద్దల వైపు చూశాడు. వాళ్ళలో పెద్దాయన చదవమని తల ఊపాడు. పెనెహే మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాడు. ఒక్కొక్క పేరు చెప్పి ఒక్కొక్క చేపని కాలి బొటనవేలితో చూపిస్తూ వచ్చాడు. మేలే ముసలమ్మ, ఆమె మనవలు, కిరిఫీ అన్న, ఏడాది బిడ్డ. ముప్పై దగ్గర ఫాలా, ముప్పై ఒకటి దగ్గర హకాయా. ఆఖరి చేప దగ్గర ఆగాడు.

"ముప్పై రెండు. లేపాయో."

హకాయా ఒక్క అడుగు ముందుకేశాడు.

"వాడు వెలి!"

"చర్చిలోంచి వెలి. సభలోంచి వెలి. ఆకలిలోంచి వెలి వేశారా?" పెనెహే గొంతు పెంచలేదు. "చేప ఆపమని పెద్దలు నాకు చెప్పలేదు. ఆపమంటారా అని నేనూ అడగలేదు. అడిగితే ఆపమంటారేమోనని భయం."

"నేను చెప్పాను. లెక్కలో చదవొద్దని సభలోనే చెప్పాను."

"చెప్పావు. నీ వెనక ఇంకొకడు వచ్చి, పదకొండేళ్ళుగా వల ముట్టని డీకను వంతు ఆపమని చెప్పాడు. ఎవరో అడక్కు, బాగుండదు. మీ మాటలన్నీ వింటూ పోతే ఈ రాళ్ళ మీద నాకూ ఈగలకీ తప్ప ఎవరికీ చేప మిగలదు." ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. "మనిషిని దేవుడు ఎందుకు పుట్టించాడని నువ్వు పిల్లలకి నేర్పుతావు కదా. పెద్ద పెద్ద జవాబులు నాకు రావు. నన్ను మాత్రం చేపలు పంచడానికి పుట్టించాడు. చచ్చినవాణ్ణి తీసేస్తాను. బతికున్నవాణ్ణి తీసెయ్యడం నాకు చేతకాదు."

"ఎవరు మోస్తున్నారు?" అన్నాడు హకాయా. అతనికి తెలుసు. తెలిసీ అడిగాడు.

"నేనే," అంది ఫాలా. బుట్ట పట్టుకుని లేచి నిలబడింది. "ప్రతి వేటకీ, నువ్వు సాయంత్రం ప్రార్థనకి వెళ్ళాక. పదకొండేళ్ళుగా. వాడు ఆ రోజు నుంచి నీళ్ళలో కాలు పెట్టలేదు. గేలం వెయ్యలేడు."

"నీ కొడుకుని చంపినవాడికా? నువ్వా?"

ఫాలా భర్త వైపు చూసింది. కోపంగా కాదు. పొయ్యి మీద ఉడుకుతున్నది ఉడికిందా లేదా అని మూత తీసి చూస్తారే, అలా చూసింది. ఆ చూపు హకాయాకి అర్థమైంది. ఈమెకి తెలుసు. ఇన్నాళ్ళూ ఎవరికి తెలుసు, ఎవరికి తెలుసు అని ఊరంతా వెతికాడు. తన చాప మీదే, తన పక్కనే ఉంది.

దాచుకోవడానికి ఇంకా దారి ఉంది. భార్య చెప్పదు. ఇన్నాళ్ళు చెప్పనిది ఇప్పుడు చెప్పదు. లేపాయో చెప్పడు. నోరు మూసుకుని ఇంటికెళ్ళిపోతే రేపు బల్ల దగ్గర ద్రాక్షరసం బదులు పంచే కొబ్బరినీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడేది తనే. అదంతా హకాయా రెప్పపాటులో లెక్కేసుకున్నాడు. లెక్కల్లో ఘటికుడు కదా. లెక్క సరిపోయింది గానీ, నోరు మాత్రం దాని మాట వినలేదు.

"ఆ ఆదివారం చేప కావాలన్నది నేను," అన్నాడు.

వినబడనివాళ్ళు ఏమిటన్నారు. మళ్ళీ చెప్పాడు. పాస్టర్ల సంగతి, డబ్బా మాంసం సంగతి, వంటపాక సంగతి, చొక్కా గుండీల సంగతి కూడా చెప్పాడు. "వెళ్ళమనలేదని అన్నాను. వెళ్ళాలనే అన్నాను. పడవ కిటికీలోంచి చూశాను. పాట ఆపి అరిస్తే ఆగేవాళ్ళు. పాస్టర్ల ముందు బాగుండదని పాడుతూనే ఉన్నాను. నా కొడుకుని చంపింది వాడు కాదు."

పెద్దాయన లేచాడు. "డీకనుగిరీ ఈ పూటతో అయిపోయింది, హకాయా. రేపు బల్ల దగ్గరికి రావద్దు. ఎప్పుడు రావాలో సంఘం చెబుతుంది. లేపాయో సంగతి సోమవారం సభలో మాట్లాడతాం." మెత్తగానే అన్నాడు. కానీ అన్నాడు. అతనితోపాటు పెద్దలందరూ లేచి నిలబడ్డారు.

ఇక తన ఇల్లూ తన వంతూ అన్నీ అయిపోయాయనుకున్నాడు హకాయా. లంకలో తమ్ముడి పక్కన ఇంకో పాక వేసుకోవడమేనని, వెనక్కి తిరిగి నడవబోయాడు.

"ఎక్కడికి?" అన్నాడు పెనెహే. వంగి, తూర్పు గుంపు వరసలో ముప్పై ఒకటో చేపని తోక పట్టుకుని ఎత్తి, హకాయా కాళ్ళ దగ్గర పెట్టాడు. "హకాయా, ఒకటి."

అంతే. ఎప్పటి గొంతుతోనే అన్నాడు. పక్క గుంపు వైపు నడిచి వాళ్ళ వంతులు మొదలుపెట్టాడు.

ఇనాటి మీద రెండుసార్లు వాక్యం చెప్పిన మనిషి, తన వంతు చేపని మొదటిసారి చూసినట్టు చూశాడు. రాళ్ళ మీద చతికిలబడి, ఆ చేప మీద రెండు చేతులూ వేసి, ఎక్కి ఎక్కి ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ తప్పుకోనూ లేదు. మేలే ముసలమ్మ ఈగలు తోలుతూ పక్కన కూర్చుంది.

కాస్త పొద్దు వాలాక ఫాలా పడవ నీళ్ళలోకి తోసింది. హకాయా వచ్చి అంచు పట్టుకున్నాడు.

"మోకాలో?" అంది ఫాలా.

"నోర్ముయ్యి," అని పడవెక్కాడు. పదకొండేళ్ళ తరవాత తెడ్డు పట్టుకున్నాడు. మడుగు సగం దాటాక హకాయా అడిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"వంటపాకలో పొయ్యి ఊదుతున్నది ఎవరనుకున్నావు? పొగ అనుకున్నావా?"

హకాయా తెడ్డు ఆపాడు. "మరి అప్పుడే అడగొచ్చుగా."

"అడిగితే కాదనేవాడివి. ఒక పాపం మీద ఇంకోటి నేనెందుకు చేయించాలి?" ఆమె నీళ్ళ వైపు చూస్తోంది. "నీతోనూ ఒక ఇంట్లో ఉండాలి. వాడూ బతకాలి. నాకు తెలిసిన దారి ఈ బుట్టే. నీ మీద కోపం లేదనుకోకు. ఉంది. నువ్వు తిన్న ప్రతి ముద్దలోనూ ఉంది."

హకాయా మళ్ళీ తెడ్డు వేశాడు.

లంక దగ్గరపడింది. కొబ్బరిచెట్ల కింద లేపాయో నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది. ఎప్పుడూ ఒక్క మనిషి వచ్చే పడవలో ఇద్దరు కనబడేసరికి, చేతిలో ఉన్న కత్తి కింద పెట్టకుండా రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎవరది?"

"నేను, లేపాయో," అన్నాడు హకాయా.

"ఎందుకొచ్చావు?"

"చేప తెచ్చాను."

"ఎవరు పంపారు? పెద్దలా? ఈ లంక కూడా వదిలి పొమ్మన్నారా?" అతని కళ్ళు పడవలోనూ, అన్న చేతుల్లోనూ, అన్న వెనకా ఏదో వెతికాయి. హకాయాకి ఆ చూపు బాగా తెలుసు. పదకొండేళ్ళుగా అద్దంలో చూసుకుంటున్నదే.

"అందరికీ చెప్పేశాను," అన్నాడు. "వంటపాక మాట. రేవులో, అందరి ముందూ చెప్పేశాను."

లేపాయో నమ్మలేదు. నమ్మడానికి అతనికి కారణమేముంది? కత్తి అలాగే పట్టుకుని, అన్నని వదిలేసి, ఫాలాని అడిగాడు. "వదినా, నిజమేనా?"

"నిజమే," అంది ఫాలా. "గుండీలతో సహా."

లేపాయో కత్తి చెట్టుకి గుచ్చాడు. ఒడ్డుకి వచ్చాడు, తడి ఇసుక దాకా. అక్కడ ఆగిపోయాడు. అతని కాలికీ నీటికీ మధ్య బారెడు దూరం ఉంది. ఆ బారెడు దాటడం అతని వల్ల కాలేదు.

హకాయా పడవలోంచి మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. రెండు చేతులతో ముప్పై రెండో చేపని పట్టుకుని, తమ్ముడి వైపు నడిచాడు.